పరదా అవతలి మొహం

"కూర్చో అల్లుడూ," అంది పరదా అవతలి గొంతు.

ఏజెంట్ కగ్వా కూర్చున్నాడు. కంపాలా ఆఫీసులో ఆ పరదా రహస్యం కోసమని కొత్తవాళ్ళు అనుకుంటారు. రహస్యమూ లేదు, పాడూ లేదు. డైరెక్టర్ నల్వోగా అతనికి అత్తగారు. అక్కడి ఆచారంలో అల్లుడు అత్త మొహం చూడకూడదు, అంతే. పెళ్ళికి ముందు ఏడేళ్ళు ఆమె ఎదురుగానే నిలబడి చివాట్లు తిన్నాడు. ఆమె కూతురు బాబిర్యేని పెళ్ళాడిన మర్నాడు ఆ పరదా వెలిసింది. ఈ తొమ్మిదేళ్ళుగా వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, గోడవైపు తిరిగిపోతున్నాడు.

"క్రోల్ ముఠా మన ఏజెంట్ల జాబితా కొట్టేసింది. పద్నాలుగు పేర్లు, ఒకే చిప్‌లో. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఎంటెబ్బేలో కొరియర్‌కి ఇస్తారు. ఆ కొరియర్‌ని నిన్న సరిహద్దులో పట్టుకున్నాం. వాడి మొహం వాళ్ళెరగరు. వాడి బదులు నువ్వెళ్తున్నావ్."

"పేర్లెవరివి మేడమ్?"

"ఆరోది నీ పెళ్ళానిది." "చిప్ ఇచ్చే ముందు క్రోల్ కళ్ళ పరీక్ష పెడతాడు. అందులో నా ఫోటో కూడా ఉంటుంది. తెలిసిన మొహం మీద కన్ను కాస్త ఎక్కువ ఆగుతుంది. దాని మీద నీ కన్ను పడిందా, మన వాడివని తెలిసిపోతుంది. అప్పుడు జాబితాని ఒక్క మీట నొక్కి కొనేవాళ్ళకి పంపేస్తాడు."

శిక్షణ డాక్టర్ ఒకెచ్ దగ్గర. తెర మధ్యలో చుక్క. పక్కన ఏదో మొహం మెరుస్తుంది. అది కుడివైపు వస్తే ఎడమకి చూడాలి, ఎడమవైపు వస్తే కుడికి. వినడానికి ఎంత సులువు.

"మళ్ళీ మొహాన్నే చూశావ్," అన్నాడు డాక్టర్.

"నేను చూళ్ళేదు. కన్నే పోయింది."

"అవును, దానంతటదే పోతుంది. మెదడు అడుగున ఓ పాత భాగముంది. కొత్తది ఏది కనబడినా కన్నుని అటు విసిరేస్తుంది. నుదుటి వెనకున్న భాగం దానికి బ్రేకు వెయ్యాలి. నీవేమో బోడాబోడా అద్దె బైకు బ్రేకులు."

మూడు రోజులు. రోజుకి నాలుగు వందల సార్లు. పదింట్లో ఆరు తప్పులు. పిడికిలి బిగించినా తప్పే, పళ్ళు కొరికినా తప్పే. కగ్వాకి ఒళ్ళు మండిపోయింది. చెప్పిన మాట వినంది తన కళ్ళే అయితే ఎవరి మీద అరుస్తాడు? కుర్చీని తన్నాడు. కాలు వాచింది.

శుక్రవారం మధ్యాహ్నం బాబిర్యే ఉడికించిన అరటికాయ మతోకే వడ్డించి, "మెతుకు ముట్టలేదేం?" అంది. ఆరో పేరు తనదని ఆమెకి తెలియదు.

ఐదుకి పావు తక్కువ. సరస్సు ఒడ్డున తెల్ల బంగళా. కగ్వా వేషం: బంగారు పన్ను, కాఫీ వ్యాపారి టోపీ, వాచిన కాలితో నిజం కుంటి. ఎర్ర గౌనులో ఉన్న కెమిగిషా తలుపు తీసింది. ముఠాలో అందరికంటే అందగత్తె, అందరికంటే ప్రమాదం.

"సరస్సు ఎలా ఉంది, సెబో?"

"చేపలు లేవు న్యాబో, గాలే."

అయ్యా, అమ్మా అన్న పిలుపులతో సహా కోడ్ సరిపోయింది. లోపల క్రోల్ అతని గడ్డాన్ని మిషన్‌కి ఆనించాడు. "ఇరవై మొహాలు. దేన్నీ చూడొద్దు. ఎదురువైపు చూడు."

మొదటిది. కన్ను దాని మీదికే పోయింది. రెండోదీ అంతే. పన్నెండో మొహానికి క్రోల్ నవ్వడం మొదలెట్టాడు. "ఇంత చేతకానివాణ్ణి ఎక్కడ దొరకబుచ్చుకున్నారు?" కగ్వాకి ఏడుపొచ్చింది. మిగిలినవాటిలో అత్తగారి ఫోటో ఎక్కడో ఉంది.

పద్దెనిమిదోది కుడివైపు మెరిసింది. అదేమిటో తెలిసేలోపే అతని కళ్ళు ఎడమ గోడకి అతుక్కుపోయాయి.

పరీక్ష అయింది. మిషన్ చీటీ కక్కింది. అది చదువుతూ క్రోల్ నవ్వు ఆపాడు. "పదమూడు మొహాల మీద పడ్డ కన్ను దీన్నుంచి మాత్రం పారిపోయింది. నూట పది మిల్లీ సెకన్లు. మనిషి ఇంత వేగంగా తప్పుకోడు. ఎవరీమె?" వేలు మీట మీదికి పోయింది. గోడ గడియారంలో ఐదుకి అర నిమిషం.

మూడు రోజుల కసి కగ్వా నోట్లోంచి తన్నుకొచ్చింది. "నన్నడుగుతావేం? అచ్చం మా అత్తగారిలా ఉంది. అత్తగారి మొహం ఎవడైనా చూస్తాడా?"

నిజమే చెప్పేశాడు.

కెమిగిషా పగలబడి నవ్వింది. "వదిలెయ్ క్రోల్. ఇక్కడి మగాళ్ళందరూ అంతే. పులినైనా చూస్తారు గానీ అత్తని చూడరు. పాపం, వణుకుతున్నాడు చూడు."

క్రోల్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక తనూ నవ్వాడు. మీట మీద వేలు తీసి చిప్ అందించాడు.

గుమ్మం దగ్గర కెమిగిషా మిషన్ చీటీని మడిచి కగ్వా జేబులో పెట్టింది. "రెండేళ్ళుగా నా జీతం ఆవిడే ఇస్తోంది," అంది మెల్లగా. "అత్తగారిని అడిగానని చెప్పు." ఆమె గేటు గడియ తీసే ఉంచింది. బయట కాచుకున్న పోలీసులు లోపలికి దూసుకుపోయారు.

ఆరున్నరకి మళ్ళీ పరదా ముందు.

"చిప్ తెచ్చాను, మేడమ్. బాబిర్యే పేరుతో సహా."

గొంతు అడిగింది. "నా ఫోటో చూశావా?"

క్రోల్ అడిగినప్పుడు కూడా ఇంత చెమట పట్టలేదు. "లేదు మేడమ్. రుజువుంది." చిప్‌నీ చీటీనీ పరదా కిందినుంచి తోశాడు.

అవతలినుంచి వచ్చిన చెయ్యి ముందు చీటీనే తీసుకుంది.