మాస్టారి వేలిముద్ర

పొద్దున్నే ఇడ్లీలు తింటూ మొహిద్దీన్ బాషా మాస్టారు కోడలి మీద విరుచుకుపడ్డారు.

"వచ్చినవాళ్ళ వేళ్ళు పట్టుకుని మిషన్ మీద పెట్టించడం మాస్టారి కోడలు చేసే పనా? ఈ నెలతో ఆ ఇంటర్నెట్ సెంటర్ మూసెయ్యి."

ఖుర్షిదా చట్నీ వడ్డించి, "మూసెయ్యను మావయ్యా," అంది నెమ్మదిగా. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. అత్తగారు నస్రత్ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మీ లైఫ్ సర్టిఫికెట్‌కి ఇవాళే ఆఖరు. రండి, నేను చేసిపెడతాను."

"అక్కర్లేదు. చిలకలూరిపేటలో మగాళ్ళు నడిపే సెంటర్లు బోలెడున్నాయి," అంటూ మాస్టారు బస్సెక్కారు.

పేటలో నాలుగుసార్లు వేలు పెట్టినా మిషన్ ఆయన్ని గుర్తుపట్టలేదు. బతికే ఉన్నానని సాయంత్రంలోగా రుజువు చూపకపోతే పింఛను ఆగిపోతుంది.

"వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి మాస్టారూ. ముఖం చూపించి చెయ్యొచ్చంట గానీ నాకు సరిగ్గా రాదు," అన్నాడు సెంటర్ నడిపే అష్రఫ్. "మీ ఊళ్ళోనే ఖుర్షిదాగారని ఉన్నారు, వెళ్ళండి. మాకేదన్నా చిక్కొస్తే ఆవిడకే ఫోన్ చేస్తాం."

ఆ ఖుర్షిదాగారు తన కోడలని చెప్పడానికి మాస్టారికి నోరు రాలేదు.

మధ్యాహ్నానికి ఆయన కోడలి సెంటర్ గుమ్మంలో నిలబడ్డారు. లోపల మిరపకోతల నుంచి వచ్చిన ఆడవాళ్ళు.

"కూర్చోండి మావయ్యా. ఇద్దరి తర్వాత మీరే," అంది ఖుర్షిదా.

కంప్యూటర్ ముందు కోటిరత్నం ఒక్కో అక్షరం వెతికి నొక్కుతోంది. ఒకప్పుడు ఐదో తరగతిలో బడి మానేసి కోతలకు పోయిన పిల్ల. రిజిస్టరులో ఆమె పేరు కొట్టేసింది మాస్టారే.

"నా కూతురి హాస్టల్ దరఖాస్తండీ! నేనే కొడుతున్నా. మీ కోడలు చేసిపెట్టదు, నేర్పుద్ది!" అంది సంబరంగా.

మాస్టారి వంతు వచ్చింది.

"ఫోన్‌లోకి చూసి కళ్ళార్పండి మావయ్యా."

ఆర్పగానే కన్నీళ్ళు జారాయి.

"అయిపోయింది. మీరు నిక్షేపంగా బతికే ఉన్నారంట!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వేశారు.

"పొద్దున తప్పు మాట్లాడానమ్మా. నేను వదిలేసిన పిల్లల్ని నువ్వు వెతికి పట్టుకుంటున్నావు."

ఖుర్షిదా సర్టిఫికెట్ ప్రింటు తీసి ఆయన చేతికిచ్చింది. "ఇంటికెళ్ళండి మావయ్యా. అత్తయ్య అన్నం తినకుండా మీకోసం చూస్తుంటారు."

"తినెయ్యమని ఫోన్ చెయ్యి," అంటూ మాస్టారు కుర్చీ లాక్కుని కోటిరత్నం పక్కన కూర్చున్నారు. "ఏదమ్మా, నీ పేరులో 'త' కింద 'న' వత్తు దీంట్లో ఎక్కడుందో నాకూ చూపించు."