చెప్పులు బయట విడువవలెను

ఏజెంట్ తిమ్మప్పను పట్టి ఉంచగల గదిని ఇంతవరకూ ఏ మేస్త్రీ కట్టలేదు. ఏడు దేశాల జైళ్ళు అతన్ని లోపలికి తీసుకున్నాయి. ఏడింటికి ఏడూ తెల్లారేసరికి ఖాళీ గదికి కాపలా కాస్తూ కనిపించాయి. ఒకచోట చెంచాతో గోడ తవ్వాడు. ఇంకొకచోట జైలరుగారి యూనిఫారమే ఇస్త్రీ చేసి తొడుక్కుని, దారి పొడవునా సెల్యూట్లు అందుకుంటూ పెద్దగేటు గుండా నడిచి వచ్చేశాడు. అంతటి మనిషి పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది మే నెలలో, ఒక రెండో శనివారం మధ్యాహ్నం, కొత్తగూడ చౌరస్తాలోని ఇరానీ హోటల్లో ఏసీ మెకానిక్ ఖాకీ చొక్కాలో చెమటలు కక్కుతూ చాయ్ ఊదుకుంటున్నాడు.

ఎదుటి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి పేపరు మడిచి పక్కన పెట్టి అడిగాడు.

"ఈ ఏడు ద్రాక్ష పులుపటగా అండి?"

"ఎండ చాలలేదు సార్," అన్నాడు తిమ్మప్ప.

నలభై మూడు డిగ్రీల ఎండలో ఆ జవాబు విని పక్క టేబుల్ మనిషి ఎగాదిగా చూశాడు. ఏం చేస్తారు, కోడ్ మాటలు చలికాలంలో నిర్ణయించారు. మార్చమని పంపిన ఫైలు ఇంకా ఢిల్లీలోనే ఉంది.

పేపరు పెద్దమనిషి చీఫ్ విశ్వేశ్వరరావు. తూర్పుగోదావరి వాడు. చావు కబురైనా అండి తగిలించే చెబుతాడు.

"మన సర్వర్‌కి కన్నం పడిందండి."

సంగతి ఇది. ప్రపంచంలో ఏ మూల నుంచి ఎవరు ఏ పేజీ అడిగినా, వెబ్ సర్వర్ ముందు ఆ పేజీ అడ్రసు ఒక గడిలో రాసుకుంటుంది. గడిలో ఇన్ని అక్షరాలే పడతాయి. ఎక్కువైతే ఆపమని చెప్పే నాలుగు లైన్లు రాయడం ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన మహానుభావులు మరిచిపోయారు. ఎవడైనా మూడు వేల అక్షరాల అడ్రసు పంపితే గడి నిండి పక్క గడుల్లోకి పొర్లుతుంది. పొర్లిన అక్షరాలను సర్వర్ తన యజమాని ఆజ్ఞలనుకుని శిరసావహిస్తుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు. యంత్రంలో ఉన్న ప్రతి ఫైలూ వాడిదే.

"అతుకు వచ్చిందండి," అంటూ చీఫ్ పేపరు మడతలోంచి ఒక ఫ్లాపీ జరిపాడు. "ప్యాచ్ అంటారు. సైకిలు ట్యూబుకి వేసినట్టే. పొద్దుటినుంచీ మోడెమ్ మీద దింపితే ఇప్పటికి దిగింది. సర్వర్ ఉన్న మాదాపూర్ సెంటర్ ఇంజనీరు పెళ్ళికని కర్నూలు వెళ్ళాడు. మీరే వెయ్యాలి."

"ఆ యంత్రంలో ఏముంది సార్?"

చీఫ్ చాయ్ కప్పులోకి చూశాడు. "పద్మావతిగారి అడ్రసండి."

తిమ్మప్ప సాసరు కింద పెట్టేశాడు.

పద్మావతి ఒక విదేశీ ముఠా ఆఫీసులో టైపిస్టు. ఆ దేశం పేరు చెప్పను, చెబితే వాళ్ళ రాయబారికి నిద్ర పట్టదు. ముఠా కోడ్ పుస్తకం మొత్తం చూసి రాసుకుని, జాకెట్టులో పెట్టుకుని బయటపడింది. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అప్పటిదాకా తెల్లాపూర్‌లో ఒక ద్రాక్షతోట మధ్య రెండు గదుల ఇంట్లో దాచింది తిమ్మప్పే. నువ్విక్కడున్నట్టు నాకూ మా సారుకూ తప్ప మూడో మనిషికి తెలియదు అని మాటిచ్చింది కూడా అతనే. ఆ మూడో మనిషి కంప్యూటర్ అవుతుందని అతనికేం తెలుసు. పైనుంచి హుకుం వచ్చింది, కాగితం ముక్క మిగలకుండా అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమని. చీఫ్ ఎక్కించేశాడు.

శనివారాల్లో ఆ సెంటర్‌కు బయటి లైను నాలుగింటికి దానంతట అదే కలుస్తుంది. నాలుగు కొట్టగానే ముఠా తలుపు తడుతుందని వేగులు పట్టిన సమాచారం. లైను పీకేస్తే సరిపోదా అని తిమ్మప్ప అడిగాడు.

"పీకితే వాళ్ళు జారుకుంటారండి, ఆవిడ జీవితమంతా దాక్కోవాలి. లైను ఉండాలి, కన్నం ఉండకూడదు. వాళ్ళు మూడు నిమిషాలు కొడుతూ ఉంటే చాలు, ఎక్కణ్ణుంచో ఎక్స్ఛేంజీలో మనవాళ్ళు పట్టేస్తారు. లోపల మనమ్మాయి జ్యోత్స్న ఉంది. తలుపు తీస్తుంది."

మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన గుండ్రటి పెద్ద మేడ లేచి ఆర్నెల్లయింది. చుట్టూ ఇంకా బండరాళ్ళూ, తంగేడు పొదలూ. దానికి కాస్త ఇవతల మూడంతస్తుల అద్దాల మేడలో పై అంతస్తే మన సెంటర్. మూడు గంటల పది నిమిషాలకు తిమ్మప్ప పైకెక్కేసరికి జ్యోత్స్న ఎదురొచ్చింది. ఆమె పని పెద్ద పెద్ద అతిథులకు సెంటర్ చూపించడం. నెమలికంఠం రంగు చీర, తలమీదికి ఎత్తిన నల్ల కళ్ళద్దాలు. అతిథులు యంత్రాల వంక ఎంతసేపు చూసేవారో నేను చెప్పనక్కర్లేదు.

"షూస్ ఇక్కడ వదిలేయండి. బ్యాగ్ కూడా. డస్ట్ పడితే మెషీన్లు ట్రబులిస్తాయి."

గోడమీద పెద్దక్షరాల బోర్డు: చెప్పులు బయట విడువవలెను. ఆ రోజుల్లో కంప్యూటర్ గదంటే గర్భగుడే. తుపాకీ గురిపెట్టినా విప్పని బూట్లను బోర్డు చూడగానే తిమ్మప్ప వంగి విప్పేశాడు. చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు, చేతులు వాటంతటవే లేసుల మీదికి పోయాయి. ఎడమ బూటు మడమలో వైర్‌లెస్. కుడి మడమలో అద్దం కోసే వజ్రపు ముక్క. బూట్లనూ బ్యాగునూ స్టాండు మీద పొందికగా పెట్టి, జ్యోత్స్న ఇచ్చిన కార్డుతో మొదటి తలుపు దాటాడు.

అది వెనక మూసుకుంది. ముందున్న రెండో తలుపుకు కార్డు చూపించాడు. ఎర్రలైటు. వెనక్కి తిరిగి మొదటిదానికి చూపించాడు. దానికీ ఎర్రలైటే.

నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ముందొక అద్దం తలుపు, వెనకొక అద్దం తలుపు, చెరో పక్క గోడ. ముందు అద్దంలోంచి సర్వర్ కనిపిస్తోంది, పచ్చలైటు మిణుకు మిణుకుమంటూ. దాని పైన గోడగడియారం. వెనక అద్దంలోంచి బూట్లు. జేబులో ఫ్లాపీ.

గోడకున్న ఇంటర్‌కమ్ మోగింది. అవతల జ్యోత్స్న. కార్డు ఇప్పుడే క్యాన్సిల్ చేశానని, పాస్‌వర్డ్ తన దగ్గర లేదు గనుకే తమ ముఠా ఇంత శ్రమ పడాల్సి వచ్చిందని, వాచ్‌మన్‌ను సోమవారందాకా సెలవిచ్చి పంపేశానని, ఐదింటి ఫ్లైట్‌కు బేగంపేట వెళ్తున్నానని మర్యాదగా చెప్పింది. "సోమవారం ఎవరో ఒకరు తీస్తారు లెండి," అంటూ ఇంటర్‌కమ్ వైరు తెంపేసింది.

వెళ్తూ వెళ్తూ స్టాండు దగ్గర ఆగింది. బూట్ల వంక చూసింది. వాటినక్కడ ఉంచకూడదన్న ఆలోచన ఆమె ముఖంలో తిమ్మప్పకు స్పష్టంగా కనిపించింది. సగం వంగింది. ఆగింది. ఎవడో ఏసీ మెకానిక్ వేషగాడి చెమట బూట్లు చేత్తో పట్టుకోవడమా? లేచి నిలబడి, ముట్టుకోని చేతులను రుమాలుతో తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఏడు దేశాల జైళ్ళని మొదట్లో రాశాను. మనవాడు ఎటూ కదల్లేని చోట ఉన్నాడు గనుక ఇప్పుడు నిజం చెప్పేస్తే నష్టం లేదు. దేశం ఒకటే, జైలూ ఒకటే. అక్కడ కూడా తాళం వేయడం మరిచిపోయారు.

కాబట్టి తిమ్మప్పకు మూసిన తలుపుల అనుభవం బొత్తిగా లేదు. భుజంతో గుద్దాడు, భుజం వాచింది. అరిచాడు, అరుపు తన చెవులకే తిరిగొచ్చింది. అవతల గదిలో ఏసీ హాయిగా గుర్రుమంటోంది. ఇవతల పెట్టెలో గాలి ఉడికిపోతోంది. ఒంటిమీద మిగిలిన పరికరం ఒక్కటే, పొగ వదిలే చేతిగడియారం. ఆ పెట్టెలో దాన్ని నొక్కితే ముందు పోయేది తనే. మూడున్నర అయింది. తెల్లాపూర్‌లో పద్మావతి ఈ వేళకు వాకిట్లో మంచం వేసుకుని కూర్చుంటుంది. గోడవతల ఏ బండి ఆగినా అది తిమ్మప్ప బండే అనుకుంటుంది. గొళ్ళెం తీస్తుంది.

మూడూ నలభైకి మెట్ల మీద బకెట్ చప్పుడైంది.

సెంటర్ ఊడ్చే బుచ్చమ్మది కొత్తగూడ. మనుషులు లేని రోజైతే కాళ్ళకు అడ్డం రారని రెండో శనివారమే నేల కడుగుతుంది. జ్యోత్స్న అన్నీ లెక్కేసుకుంది గానీ, ఊడ్చే మనిషి ఎప్పుడొస్తుందో ఏనాడూ అడగలేదు. బుచ్చమ్మ స్టాండు చూసింది, ఆగింది. రోజూ అందరి జోళ్ళూ సర్దే మనిషి. జోడు బయటుంటే మనిషి లోపలున్నట్టే. ఒక బూటు తీసి దుమ్ము దులిపింది, బరువు చూసింది, పక్కనున్న బ్యాగు తెరిచి చూసింది, అద్దం వైపు తిరిగింది.

తిమ్మప్ప తలుపు కింది రబ్బరు పట్టీ గోళ్ళతో పీకేసి, కాళ్ళు ముడుచుకుని నేలమీద బోర్లా పడుకుని సందులో నోరు పెట్టాడు. బుచ్చమ్మ చీపురు పట్టుకుని అవతల గొంతుక్కూర్చుంది. ఆమె మెడలో తాడుకు కార్డు వేలాడుతోంది. అన్ని గదులూ ఊడవాలి గనుక అన్ని తలుపులూ తీసే కార్డు ఆ సెంటర్‌లో అదొక్కటే.

"ఏంది తమ్మీ, సెలవు దినం గీ డబ్బల ఏం జేస్తున్నవ్?"

"ఏసీ మెకానిక్‌నక్కా. తలుపు పడిపోయింది."

"మెకానిక్ గింత బరువు బూట్లేసుకుని నిచ్చెన ఎట్లెక్కుతడు?"

టెలిఫోన్ శాఖ అన్నాడు. బ్యాగులో ఫోనే లేదంది. ఆఫీసరుగారి బావమరిదినన్నాడు. ఆయన బావమరుదులు ముగ్గురూ తనకు తెలుసంది. కిందికి పోయి పోలీసులకు ఫోన్ చేస్తానని లేవబోయింది. గడియారం మూడూ నలభై తొమ్మిది.

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో తిమ్మప్ప ఎన్నడూ వాడని ఆయుధం తీశాడు. నిజం చెప్పాడు. చెబుతుంటే హిందూపురం యాస కూడా బయటపడింది.

"అబద్ధాలు చెప్పేదే నా పనక్కా. ఇది మాత్రం కాదు. నాలుగు కొట్టేలోపల ఈ ఫ్లాపీ ఆ మిషన్లో ఎయ్యకపోతే ఒకామె ప్రాణం పోతాది. ఆమెకు నేను మాటిచ్చినా."

బుచ్చమ్మ చీపురు పక్కన పెట్టింది.

"పేరేంది ఆమెది?"

"పద్మావతి."

"ఏడ దాచిన్రు?"

తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు.

"చెప్తెనే తీస్త."

చెంప నేలకు ఆనించి ఉండిపోయాడు. తెల్లాపూర్ అన్న ఒక్క మాట. నాలుగక్షరాలు. గడియారం ముల్లు యాభై మూడు మీదికి జరిగింది.

"అట్లయితే తియ్యొద్దులే అక్కా," అన్నాడు.

కీచుమని శబ్దం. పచ్చలైటు. మొదటి తలుపు తెరుచుకుంది.

"చెప్తవేమోనని చూసిన," అంది బుచ్చమ్మ లోపలికి వస్తూ. "నువ్వు చెప్పినవంటే, ఇంకో గంటకు ఇంకెవ్వలకో చెప్తవ్. పోలీసోళ్ళకు ఫోన్ కొడుతుంటి."

మొదటి తలుపు మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. ఆ పెట్టెలో ఇద్దరూ, ఒక బకెట్టూ ఇరుక్కుని నిలబడ్డారు. ఆమె కార్డు చూపించబోయి, అతని కాళ్ళవంక చూసి ఆగింది. మేజోళ్ళు మట్టి కొట్టుకుని ఉన్నాయట, తీసి పొమ్మంది. మూడూ యాభై ఆరుకు ఏజెంట్ తిమ్మప్ప ఒంటికాలి మీద గెంతుతూ మేజోళ్ళు విప్పాడు.

ఉత్తకాళ్ళతో ఉరికాడు. చీఫ్ చెప్పిన పాస్‌వర్డ్ కొట్టాడు. ఫ్లాపీ దూర్చాడు. డ్రైవు కర్రుమంది, మొదటిసారికే చదివింది. నీలిగీత ఒకటి తెరమీద నత్తలా పాకుతూ పోయి అంచు ముట్టింది. సర్వర్ ఆగి, మళ్ళీ లేచింది. నాలుగింటికి ఇంకా పదకొండు సెకన్లు.

నాలుగు కొట్టింది. లైను కలిసింది. తెరమీద ఒక అడ్రసు రావడం మొదలుపెట్టింది, వరసలు వరసలుగా, అర్థం పర్థం లేని అక్షరాలు, మూడు వేలు. సర్వర్ అంతా విని, అడ్రసు మరీ పొడుగైందని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకుంది. వాళ్ళు మళ్ళీ పంపారు. మళ్ళీ అదే జవాబు. ఈలోగా బుచ్చమ్మ ఎడమ బూటు తెచ్చి చేతికిచ్చింది. దాని మడమ చెవికి ఆనించుకుని తిమ్మప్ప చీఫ్‌కు రెండు ముక్కలు చెప్పాడు, కన్నం పూడిందని, జ్యోత్స్న బేగంపేటకు పోయిందని.

మూడు నిమిషాల్లో ముఠా కూర్చున్న లాడ్జి గది తెలిసిపోయింది. ఐదింటికి విమానం మెట్ల దగ్గర జ్యోత్స్న దొరికింది. ఎలా బయటపడ్డాడని ఆమె అడిగింది ఒక్కటే మాట. బూట్ల సంగతి చెప్పారు. ఆమె తన చేతుల వంక చూసుకుందట.

"కన్నం పూడిందా తమ్మీ?" అని బుచ్చమ్మ అడిగింది, తిమ్మప్ప అడుగుల ముద్రలు తుడుస్తూ. పూడిందన్నాడు. "మరి నా కార్డు ముచ్చట ఎవ్వలకు చెప్పకు. తీస్కపోయిన్రంటే గదులెట్ల ఊడ్వాలె?"

తలుపు ఎలా తెరుచుకుందని చీఫ్ రిపోర్టులో గట్టిగానే అడిగాడు. ప్రత్యేక పరికరం అని మాత్రం రాశాడు తిమ్మప్ప. సోమవారం పద్మావతి కోర్టుకు వెళ్ళి, గొంతు వణక్కుండా సాక్ష్యం చెప్పింది. ఆ శనివారం నాలుగు గంటల వేళ ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇదంతా ఉన్నదున్నట్టు రాశాను. మడమలో వైర్‌లెస్ నమ్మండి, ఒంటికాలి గెంతు నమ్మండి, ముట్టుకోని చేతులు తుడుచుకోవడం నమ్మండి. జైళ్ళ లెక్క పోగా కల్పించింది ఒక్కటే. ఫ్లాపీ మొదటిసారికే చదివిందన్నాను చూశారా, అది అబద్ధం. ఆ కాలంలో ఏ ఫ్లాపీ మొదటిసారికి చదివి చచ్చింది? బయటికి తీసి, చొక్కాకు తుడిచి, ఉఫ్‌మని ఊది మళ్ళీ దూరిస్తే మూడోసారికి చదివింది. మిగిలింది పదకొండు సెకన్లు కాదు, రెండు.