స్మైల్ ప్లీజ్ అనకూడని గది

"ఊపిరి బిగపట్టండి" అని టెక్నీషియన్ మైకులో చెప్పింది. ఎంఆర్ఐ గదిలో తన అక్క పక్కన కూర్చున్న ఫొటోగ్రాఫర్, ఏళ్ల తరబడి ఉన్న అలవాటు కొద్దీ "స్మైల్ ప్లీజ్!" అని గట్టిగా అనేశాడు.

అక్క పకపకా నవ్వింది. ఆమెతో పాటు ఎనిమిదో నెల పొట్టా ఊగింది. స్క్రీన్ మీద పసిగుండె బొమ్మ కాస్తా అలికేసినట్టయింది.

తలుపు తెరుచుకుంది. టెక్నీషియన్ చూపులో ఆ మెషీన్ కంటే ఎక్కువ పవర్ ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

"ఏమండీ, ఇది పెళ్లి ఫొటో అనుకున్నారా?"

"సారీ మేడమ్. నోరు జారింది."

"లోపలున్న బిడ్డ ఎలాగూ నా మాట వినదు. కనీసం మేనమామైనా వినాలి కదా! బయటికి నడవండి."

పెళ్లిళ్లలో వందమందిని వరసలో నిలబెట్టి గదమాయించే మనిషి, కిక్కురుమనకుండా నడిచాడు.

బావ కారిడార్లో పచార్లు చేస్తున్నాడు. కాలిలో ఎముక విరిగినప్పుడు వేసిన పాత లోహపు రాడ్డు ఉందని ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

"అప్పుడే వచ్చేశావేంట్రా?"

"గెంటేశారు బావా."

"మంచి పని చేశారు" అన్నాడు కానీ బావకి నవ్వు రాలేదు. మామూలు స్కానింగ్‌లో బిడ్డ గుండె దగ్గర ఏదో తేడా కనిపించింది. బిడ్డ పడుకున్న తీరు వల్ల అదేమిటో తేలలేదు. ఇవాళ తేలితేనే కాన్పు ఎక్కడ చేయాలో డాక్టర్లు చెప్పగలరు.

పది నిమిషాలకు టెక్నీషియన్ మళ్లీ బయటికి వచ్చింది. గొంతులో ఇందాకటి కారం లేదు.

"రండి. మీరు వెళ్లిన దగ్గర్నుంచి మీ అక్క ఏడుస్తున్నారు. ఏడుస్తుంటే ఊపిరి నిలవదు. చేయి పట్టుకుని కూర్చోండి. అంత కోపంగా పంపేయడం నాదే తప్పు."

"మాట్లాడొచ్చా?"

"ఒక్క ముక్క కూడా వద్దు."

మెషీన్ డబడబలాడింది. బిడ్డ కదిలినప్పుడల్లా ఆమె ఆపేది, మళ్లీ మొదలుపెట్టేది. "బాగా చేస్తున్నారక్కా, ఇంకొక్కసారి." పెళ్లిళ్లలో ఫొటో మూడోసారి చెడిపోతే చాలు, అతనికి చిర్రెత్తుకొస్తుంది. ఆమె పదిహేడోసారి కూడా అదే గొంతుతో అడిగింది. గాజు అద్దం అవతలి గదిలో ఉన్న ఆమెనే చూస్తూ ఉండిపోయానని అతనికి ఆలస్యంగా తెలిసింది. ఆమెకి మాత్రం ముందే తెలిసిపోయింది.

"ఏం కనిపించింది మేడమ్?" అని వెళ్లేటప్పుడు అడిగాడు.

"అది డాక్టర్ గారు చెప్పాలండీ. బొమ్మలు మాత్రం స్పష్టంగా వచ్చాయి."

గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం ఒకచోట సన్నబడిందని తేలింది. పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలోనే కాన్పు చేశారు. పాప పుట్టిన వెంటనే మందు ఎక్కించి, ఐదో రోజున ఆపరేషన్ చేశారు. ముందే తెలియకపోతే ఇంటికి తీసుకెళ్లాక ప్రాణాపాయం ముంచుకొచ్చేదని సర్జన్ చెప్పినప్పుడు, బావ ఆయన చేతులు పట్టుకుని భోరుమన్నాడు.

రెండు నెలల తర్వాత, వాన కురుస్తున్న మధ్యాహ్నం, ముగ్గురూ పాపని సర్జన్‌కి చూపించి, అటు నుంచి స్కానింగ్ గది దగ్గరికి వచ్చారు. గొడుగు మొత్తం పాపకే పట్టిన మేనమామ నిలువునా తడిసిపోయాడు.

అక్క పాపను టెక్నీషియన్ చేతుల్లో పెట్టింది. "దీని గుండెని అందరికంటే ముందు సరిగ్గా చూసింది నువ్వేనమ్మా. నీ ఓపిక వల్లే ఇది మాకు దక్కింది. నీ మేలు ఎప్పటికీ మరిచిపోం."

స్కాన్ చేయించుకున్నవాళ్లు రిపోర్టు పట్టుకుని వెళ్లిపోవడమే తప్ప, ఇలా వెనక్కి వచ్చి చెప్పినవాళ్లు లేరట. ఆమె ఆ మాట చెప్పలేక చెప్పింది. పాప ఛాతీ మీద అరచేయి ఆనించి, కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

అక్క పాపను తీసుకుని, అక్కడే నిలబడి చూస్తున్న బావని మోచేత్తో పొడిచి, అవతలికి లాక్కుపోయింది.

"మేడమ్, మీరు నాకు రోజూ గుర్తొస్తున్నారు" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"అది కృతజ్ఞతండీ" అందామె మెల్లగా. "ఆసుపత్రిలో అందరికీ అలాగే ఉంటుంది. ఇంకేదో అనుకుని పొరబడకండి."

అతను నిజంగానే ఆలోచించాడు.

"సర్జన్ గారి మీద కూడా కొండంత కృతజ్ఞత ఉంది మేడమ్. ఇందాకే దండం పెట్టి వచ్చాను. కానీ ఆయన భోంచేశారా లేదా అని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు."

ఆమె పెదవులు బిగించింది. అయినా నవ్వు ఆగలేదు.

"నేను చేయలేదు" అంది. "పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పదండి, క్యాంటీన్ మూసేస్తారు."