వెనకబడ్డ పడవ

కాఫీ సగం కూడా తాగకముందే ప్రోగ్రామర్ కీబోర్డు మీదికి ఒరిగిపోయాడు. ఎదురుగా మానిటర్‌లో అతను గీసిన పడవ మాత్రం నింపాదిగా నది దాటుతూనే ఉంది.

గంట తిరక్కుండా ఏజెంట్ 'మౌని' చీఫ్ గదిలో ఉన్నాడు.

"కాఫీలో సైనైడ్. సరిహద్దు అవతలి ముఠా పని. ఆఫీసువాళ్లకి గుండెపోటని చెప్పాం," అన్నాడు చీఫ్. "కరెంటు కంట్రోల్ రూముల కంప్యూటర్లన్నిట్లో ఓ డెస్క్‌టాప్ అప్లికేషన్ ఉంది. మూలన చిన్న యానిమేషన్. కొండ, నది, పడవ, సూర్యుడు. ఆ సూర్యుడు కొండ కొసకి ఎక్కాడంటే దేశమంతా కరెంటు పోతుంది. ఆపరేషన్ బల్లల మీద ఉన్నవాళ్ల గతి ఆలోచించు. వైరు పీకినా అంతే. ఆపే మీట ఆ బొమ్మలోనే ఎక్కడో ఉందని ముఠాలో ఉన్న మన మనిషి కబురు. ఆ ప్రోగ్రామర్ కంప్యూటర్‌లో ఆపితే అన్నిచోట్లా ఆగుతుంది."

మౌని లేచి నిలబడ్డాడు.

"పోయింది నీ తమ్ముడు," చీఫ్ గొంతు తగ్గించాడు. "నువ్వు వెళ్లక్కర్లేదయ్యా."

రోజూ పొద్దున్నే తమ్ముడి పేరు చెప్పి దేవుడికి దండం పెట్టుకోవడం మౌనికి అలవాటు. ఇవాళా పెట్టుకున్నాడు. మరి ఆ దండం ఎక్కడ ఆగిపోయిందో!

"టూల్‌బాక్స్ ఇప్పించండి సార్," అన్నాడు.

ఏసీ మెకానిక్ వేషం. అతికించిన మీసం. చొక్కా గుండీలో కెమెరా. తమ్ముడి ఆఫీసు తలుపు దగ్గర సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్నది ముఠా మనిషే. "నీళ్లు కారుతున్నాయటన్నా," అంటూ మౌని లోపలికి నడిచాడు.

తమ్ముడి కుర్చీ పక్కన ఎర్ర పట్టు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలతో ఒకామె నిలబడి ఉంది.

"వాన పడేలా ఉందా?" అంది. కోడ్ మాట.

"గొడుగు తెచ్చాను," అని తలెత్తిన మౌని కొయ్యబారిపోయాడు. తమ్ముడి భార్య!

"మన మనిషివి... నువ్వా?"

"మొదట వాళ్ల మనిషినే బావగారూ. ఆయన్ని పెళ్లి చేసుకోమని పంపింది వాళ్లే." కళ్లద్దాలు తీసింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "ఆయనతో కాపురం చేస్తూ వాళ్ల కొలువు చెయ్యడం నావల్ల కాలేదు. అందుకే మీవాళ్లకి కబుర్లు పంపాను. నన్ను చంపుతామని బెదిరించి ఆయనచేత ఇది రాయించారు. కాఫీ సంగతి నాకు తెలీదు. ఒట్టు."

"ఏడవకు తల్లీ. తలుపు దగ్గరివాడు చూస్తున్నాడు." మౌని టూల్‌బాక్స్ కింద పెట్టాడు. "మీట ఎక్కడ?"

"నాకూ చెప్పలేదు. 'అన్నయ్య చూస్తే ముందు తిడతాడు, తర్వాత కనిపెడతాడు' అని నవ్వారు."

సూర్యుడు కొండ భుజం దాటాడు. మౌని తెర మీదికి వంగాడు. కదులుతున్న పడవ వెనక, నది మధ్యలో, ఇంకో పడవ కదలకుండా ఉండిపోయింది.

"ఇదేమిటి?"

"చిన్న బగ్గేనని ఆఫీసులో అందరూ వదిలేశారు."

చిన్నప్పుడు కంప్యూటర్ ముందు ఒకే కుర్చీలో అన్నదమ్ములిద్దరూ ఇరుక్కుని కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. పడవ కదిలినట్టు కనిపించాలంటే, ఉన్నచోట చెరిపెయ్యాలి, కాస్త ముందు మళ్లీ గియ్యాలి. తమ్ముడు చెరపడం మరిచిపోయేవాడు. నది నిండా పడవలే.

"ముందు చెరపరా వెధవా, తర్వాత గియ్యి!"

"పోనీలే అన్నయ్యా, అది కూడా వస్తానంటోంది."

పెద్దయ్యాక వాడు ఆ పొరపాటు ఒక్కసారీ చెయ్యలేదు.

"ఏయ్ మెకానిక్!" గార్డు లోపలికి వచ్చాడు. "ఏసీ కంప్యూటర్లో ఉందిట్రా?"

"గాలి ఎటు తగుల్తోందో చూస్తున్నానన్నా."

గార్డు చెయ్యి పిస్తోలు మీదికి పోయింది. అంతలో మరదలి ఉంగరంలోని మత్తుసూది వాడి మెడలో దిగింది. వాడు కూలిపోయాడు. సూర్యుడికీ కొండ కొసకీ మధ్య వెంట్రుకంత సందు. మౌని మౌస్‌ని ఆ వెనకబడ్డ పడవ మీద పెట్టి నొక్కాడు.

సూర్యుడు ఆగిపోయాడు.

ఆ పడవ మెల్లగా కదిలి, మొదటిదాని పక్కకి చేరింది. రెండూ కలిసి ఒడ్డుకు వెళ్లాయి. మరదలు స్కార్ఫులో మొహం దాచుకుంది. మనుషుల్ని చెరిపే దేవుడు కాస్త ముందు మళ్లీ గీస్తాడో లేదో మౌనికి తెలియదు. గీస్తే బాగుండునని మాత్రం దండం పెట్టుకున్నాడు.

"నిపుణులందరూ వదిలేసిన బగ్ అది," అన్నాడు చీఫ్ సాయంత్రం. "ఇంతకీ మీ తమ్ముడికి ఈ బొమ్మలు గియ్యడం నేర్పిందెవరు?"

"నేనే సార్." మౌని మీసం పీకి టేబుల్ మీద పెట్టాడు. "వెధవ, మొదటిసారికే నేర్చుకుని ఉంటే ఈపాటికి దేశమంతా చీకట్లో ఉండేది."