మామిడి నీడలో నాలుగు పెట్టెలు

"రేపు గంగరాజు గారు పొద్దుతిరుగుడు చేనుకి మందు కొడతారంటండి. మావాడి తేనెటీగలన్నీ పోతాయి. వాడు కర్ర పట్టుకుని ఆయన మీదికి వెళతాడు. ఇంక జైలేనండి!"

రాజమండ్రిలోని తన ఆఫీసులో డిటెక్టివ్ లక్ష్మీదుర్గ ఓపిగ్గా విన్నది. ఎదుట కూర్చున్న సత్యకుమారి నీలిగళ్ల పాతచీర పీలికతో మొహం తుడుచుకుంటోంది.

"ఇంకా ఏమీ జరగలేదు కదండీ?"

"జరిగాక వస్తే ఏం లాభమండీ?"

అసిస్టెంటు హారతి నవ్వు ఆపుకుంది. మర్నాడు చీకటి పడ్డాక సత్యకుమారి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆ నవ్వు ఎగిరిపోయింది. నాలుగు పెట్టెల్లో ఈగలు చచ్చిపోయాయట.

తెల్లవారి ఇద్దరూ నిడదవోలు దగ్గరున్న ఆ చేనుకి చేరుకున్నారు. సత్యకుమారి కొడుకు సురేంద్ర చేతిలో నిజంగానే కర్ర ఉంది.

"ఈయనే విషం కొట్టి చంపేశాడండి! నేను నిన్న తెల్లారకుండానే తేనె అమ్మడానికి వెళ్లాను. మునిమాపువేళ వచ్చి చూస్తే ఇదీ సంగతి."

"నేను కొట్టింది సాయంత్రంరా, నీ ఈగలు గూటికి చేరాక," అన్నాడు గంగరాజు. "అవి పూల మీద వాలబట్టే నా గింజ గట్టిపడుతోంది. చంపుకోడానికి నాకేమైనా పిచ్చా?"

లక్ష్మీదుర్గ ఎండలో ఉన్న నాలుగు పెట్టెల మూతలెత్తి చూసింది. చచ్చిన ఈగలు లోపల గుమ్మం దగ్గరే తడితడిగా గుట్టపడి ఉన్నాయి. మైనం కరిగి జారింది. చేలో మాత్రం ఒక్క ఈగా రాలి లేదు. మామిడి చెట్టు కింది మిగతా నాలుగు పెట్టెలూ ఎప్పటిలాగే రొద పెడుతున్నాయి. అన్ని గుమ్మాలకీ ఏవో నీలిపోగులు అంటుకున్నాయి. హారతి ఒకటి లాగి అందించింది.

అందరినీ మామిడి కిందికి పిలిచి లక్ష్మీదుర్గ చెప్పింది.

"ఎనిమిది పెట్టెల ఈగలూ మేసేది ఒకే చేలో. విషమైతే ఎండలోవే ఎందుకు పోతాయి? చేలో కూడా కొన్ని రాలాలి కదా? ఎవరో పొద్దున్నే గుమ్మాల్లో గుడ్డ కుక్కారు. నీడలోవి ఎలాగో తట్టుకున్నాయి. ఎండలోవి గాలాడక ఉడికిపోయాయి. సాయంత్రం గుడ్డలు తీసేశారు. చంపాలనుకున్నవాళ్లు అన్నింటినీ అంత జాగ్రత్తగా మూసి, మళ్లీ తీయరు. ఇది భయపడ్డవాళ్ల పని."

హారతి చూపు సత్యకుమారి చేతిలోని పీలిక మీద ఆగింది.

"నేనేరా," అంది సత్యకుమారి. "మందు పొద్దున్నే కొడతారనుకున్నాను. ఆయన సాయంత్రందాకా రాలేదు, నేను తీయలేదు. అయినా విషం ఎలాగో లోపలికి దూరిందనే అనుకున్నాను. పెట్టెలు ముట్టుకోవద్దన్నావు కదా, అందుకే నీకు చెప్పలేదు. ఒరేయ్, ఏదో ఒకటనరా!"

సురేంద్ర కర్ర పడేశాడు. గంగరాజు వైపు చూడలేక తల దించుకున్నాడు. తల్లి చేతిలోని పీలిక తీసుకున్నాడు.

"గుడ్డ కాదమ్మా, గాలాడే జాలీ పెట్టాలి," అన్నాడు. "దా, చూపిస్తాను."