కుజి గారి మొదటి కార్డు

...దొంగతనం కాదని ఎలా అనగలడు? పుస్తకం కొన్నాడు. కార్డు కొనలేదు. కార్డు అమ్మకానికి పెట్టింది కాదు కాబట్టి దొంగతనం కాదనుకోవచ్చా? అమ్మకానికి లేనిది తీసుకోవడం ఇంకా పెద్ద తప్పేమో. పోనీ, కృతజ్ఞతతో చేసిన దొంగతనానికి శిక్షలో తగ్గింపు ఏమైనా ఉంటుందా?

"హినుమా గారూ, ఈ లోకంలోనే ఉన్నారా?" అంది ఓనరమ్మ.

తోకిహికో ఉలిక్కిపడ్డాడు. షట్టర్ ఎత్తకముందు రోజూ జరిగే మీటింగు. జపాన్‌లోని మొరియోకాలో, వంతెనకి ఇవతల ఉన్న ఆ దుకాణంలో కింద పాత పుస్తకాలు, మేడ మీద పాత వీడియో గేములు. కింద కుజి ఒరియె, పైన హినుమా తోకిహికో, ఇద్దరి మీదా ఓనరమ్మ మిసావా గారు. పనిచేసేవాళ్ళు తమకి నచ్చిన వాటి గురించి సొంత చేతిరాతతో ఒక కార్డు రాసి షెల్ఫులో నిలబెట్టాలి. వచ్చినవాళ్ళు ముందు కార్డు చదువుతారు. తర్వాతే సరుకు ముట్టుకుంటారు.

"మీ కార్డుల కోసం కాలేజీ పిల్లలు మెట్లెక్కుతున్నారు. కింద మాత్రం ఈగలు కూడా వాలడం లేదు," అంది మిసావా గారు. "కుజీ, నీ కార్డులు రైల్వే టైం టేబుల్లా ఉన్నాయమ్మా. ఎన్ని పేజీలు, కథ ఏ ఊళ్ళో జరుగుతుంది, అంతే. నీకు నచ్చిందో లేదో ఆ దేవుడికే ఎరుక."

"నా అభిప్రాయంతో ఎవరికేం పనండీ?" అంది ఒరియె, తల ఎత్తకుండా. "వచ్చే నెల నుంచి కార్డులు వేరే ఎవరితోనైనా రాయించండి. నేను బిల్లులు చూసుకుంటాను."

"సాయంత్రానికి ఆలోచించి చెప్పు."

తోకిహికో చేయి జేబులోని పర్సు మీదికి వెళ్ళింది. ఆమె కార్డులు రాయడం మానేస్తే ఆ దుకాణంలో తను ఎందుకున్నాడో తనకే చెప్పుకోలేడు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. మేడ మీద ఎవరూ లేరు. ఒరియె పాత గేము క్యాసెట్ల డబ్బా ఒకటి మోసుకొచ్చి కౌంటర్ మీద పెట్టింది. పెట్టి వెళ్ళిపోకుండా, అతను కొత్తగా రాసిన కార్డు పైకే చదివింది.

"'ఈ గేములో మూడు గంటలు చేపలు పట్టాను. కథ ఎటు పోయిందో తెలీదు. హాయిగా ఉంది.' ఏమండీ, అవతల రాక్షసుడు లోకాన్ని తగలబెడుతుంటే మీరు చేపలు పడుతున్నారా?"

"వాడు ఆగుతాడండీ. ఎన్నాళ్ళైనా కోటలోనే కూర్చుంటాడు. అంత మర్యాదస్తుడైన విలన్ మీ పుస్తకాల్లో ఉన్నాడా?"

"ఎందుకు లేడు? పుస్తకం మూసేస్తే మావాడూ ఉన్నచోటు నుంచి కదలడు."

ఆమె నవ్వింది. నవ్వినప్పుడు ఆమె కిటికీ వైపు చూస్తుంది, వానే ఏదో జోకు వేసినట్టు.

"సిగ్గనిపించదా మీకు? మనసులో ఉన్నది రాసి ఇలా నలుగురిలో పెట్టడానికి?"

"ఎదురుగా చెప్పలేనండీ. కాగితమైతే నా మొహం చూడదు కదా."

"నేనూ ఒకసారి పెట్టాను." ఒరియె డబ్బాలోని క్యాసెట్లు సర్దడం మొదలుపెట్టింది. "చేరిన కొత్తలో. మొదటి కార్డు. ఒకే పుస్తకానివి మూడు కాపీలుంటే వాటి ముందు నిలబెట్టాను. నాలుగో రోజు చూస్తే రెండు కాపీలున్నాయి, కార్డు లేదు. ఓనరమ్మకి నచ్చక తీసి పారేసి ఉంటుంది. ఏమని అడుగుతాను? అప్పట్నుంచే ఈ టైం టేబుల్."

తోకిహికో క్యాసెట్లు సర్దుతున్న ఆమె చేతుల వైపు చూశాడు.

మూడేళ్ళుగా తను దుకాణం సొత్తు దొంగిలించాననుకున్నాడు. కాదు. ఈమె గొంతు దొంగిలించాడు. కృతజ్ఞత చెప్పేస్తే అయిపోతుందేమోనని, దాచుకుంటే పెరుగుతుందని, పిసినారిలా జేబులో పెట్టుకు తిరిగాడు. అది పెరిగినన్నాళ్ళూ ఇక్కడ ఈమె తరిగిపోతూ వచ్చింది. ఇప్పుడు చెబితే తను దొంగ. చెప్పకపోతే సాయంత్రానికి ఆమె బిల్లుల్లోకి వెళ్ళిపోతుంది.

"ఎవరూ పారేయలేదండీ," అన్నాడు.

పర్సు తీసి, అందులోంచి మడతల దగ్గర మెత్తబడిపోయిన కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఒరియె చూసింది. తన అక్షరాలే.

*నాకు ఈ పుస్తకం సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేదాకా బతికి ఉండాలనిపించింది.*

"మీరా?"

"నేనే."

"మూడేళ్ళు!"

"మూడేళ్ళ రెండు నెలలు."

"లెక్క కూడానా! రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం ముద్దలు తింటూ, ఎంత అమాయకంగా... ముద్దలోని పుల్లటి ప్లమ్ ఊరగాయ నాకు పడదంటే మీరే తీసుకుని తినేవారు కదండీ, దొంగగారూ!"

"ఆ రోజు, ఇక్కడ పనికి చేరకముందు, గేములన్నీ అమ్మేద్దామని వచ్చానండీ. నాలుగు పెట్టెలు. అప్పటికి ఎనిమిది నెలలుగా గది దాటలేదు. ఏదీ నచ్చడం లేదు. ఏదీ నచ్చనివాడికి గేములెందుకని. ధర కట్టేదాకా ఆగమని నంబరు ఇచ్చారు. కిందికొచ్చి ఆగుతూ మీ కార్డు చదివాను. నంబరు పిలిచేసరికి మనసు మారిపోయింది. నాలుగు పెట్టెలూ మళ్ళీ టాక్సీలో ఎక్కించాను. డ్రైవరు నన్ను పిచ్చివాడనుకున్నాడు." ఊపిరి తీసుకున్నాడు. "పుస్తకం ఒక్కటే పట్టుకెళ్తే చాలదేమో అని భయమేసింది. అందుకని కార్డు కూడా."

ఒరియె కార్డు తన వైపు తిప్పుకుని మళ్ళీ చదివింది.

"మరి ఆ మిగతా సగం?" అంది ఒరియె మెల్లగా. "అర్థమైందా?"

"పావు."

"నాకూ ఇప్పటికి పావే. మీది ఏ పావు? పడవ వెళ్ళిపోయాక తల్లి ఒడ్డున నిలబడిపోవడమా?"

"అది నాకు ఇప్పటికీ అర్థం కాలేదండీ! నాకు తెలిసింది ఆ ఉత్తరాల సంగతి. పోస్టు చేయకపోవడం."

"ఉత్తరాలా? అవే కదండీ నాకు కొరుకుడు పడనివి. నాకు తెలిసింది ఆ తల్లి సంగతే." ఒరియె వేళ్ళ మీద లెక్కపెట్టింది. "అయితే ఇద్దరికీ తెలిసిన సగం. నా పావు, మీ పావు. కలిపితే పుస్తకం అయిపోయినట్టే!"

"ఎదురెదురుగా కూర్చుని చెప్పుకుంటేనే."

అన్న తర్వాత తెలిసింది ఏమన్నాడో. ఒరియె చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ వైపు చూసింది.

"రేపు సెలవు," అంది వానతో. "స్టేషన్ దగ్గర చల్లటి నూడుల్స్ దుకాణంలో రెండు గంటలు కూర్చున్నా లేపరు. పుస్తకం మీరు తెండి. నా దగ్గర లేదు, నాకొచ్చే జీతానికి నా రికమెండేషన్లు నేను కొనలేను."

"కుజీ!" కింది నుంచి మిసావా గారి కేక. "వాన దెబ్బకి జనం లోపలికొచ్చారు! ఎక్కడున్నావమ్మా?"

ఒరియె కార్డు తీసి, మడతలు సరిచేసి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది. "పుస్తకం కొన్నవాళ్ళ దగ్గరే ఉండాలి ఇది. నేను కొత్తది రాసుకుంటాను. ఈసారి ఇంకా సిగ్గులేకుండా."

గబగబా మెట్లు దిగిపోయింది.

తోకిహికో నిలబడిపోయాడు. దొంగతనం చెప్పాడు. పెట్టెల గురించి చెప్పాడు, టాక్సీ గురించి చెప్పాడు. ఇన్ని చెప్పి అసలు మాట చెప్పలేదు. ఇప్పుడు కాగితం వెతికితే మళ్ళీ మూడేళ్ళు పడుతుంది.

మెట్ల దగ్గరికి నడిచాడు. కింద, కొనకుండా షెల్ఫుల ముందు నిలబడి చదువుకునేవాళ్ళు పది పన్నెండు మంది, తడి గొడుగులు, గుడిలో ఉన్నంత నిశ్శబ్దం. ఒరియె కౌంటర్ వెనక్కి చేరింది.

"కుజి గారూ!"

పది పన్నెండు తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ఆమె తల కూడా.

తోకిహికో నుదురు రెయిలింగుకి తగిలేంత కిందికి వంగాడు.

"ఆ రోజు నన్ను ఆపినందుకు," అన్నాడు, అందరికీ వినపడేలా, "థాంక్సండీ."