ఎర్ర చుక్క చూపిన చోటు

పెద్ద డాక్టరు ట్రీట్‌మెంట్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. నిద్ర కాదు.

మంగళవారం. ఉదయం 8:40. చర్మవ్యాధుల క్లినిక్‌లోని లేజర్ గది. మొదట చూసింది నర్సు. ఫోన్ చేసింది కూడా నర్సే.

9:15కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమెను చాటుగా ‘చాదస్తం మేడమ్’ అంటారు. చూసిందే చూస్తుంది, అడిగిందే అడుగుతుంది. ఆ పేరు ఆమెకూ తెలుసు. పట్టించుకోదు.

శవం మెడ మీద, చెవి కింద, ఒక నల్లని పుట్టుమచ్చ. పక్కనే సూది గుచ్చిన గుర్తు. మచ్చకి ఎడమ అంచు కాలిపోయింది. కాలిన గుర్తు మచ్చ దాటి ఎడమకు సాగింది. కుడి సగం చెక్కుచెదరలేదు. గదిలో వెంట్రుకలు కాలిన వాసన ఇంకా ఉంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ మెషిన్‌కి తాళంచెవి వేలాడుతోంది. ట్రేలో ఖాళీ సిరంజి, తిమ్మిరి మందు సీసాలు.

ఎస్సై అప్పటికే కేసు తేల్చేశాడు. ఆ మచ్చ తీయించుకోవాలని పెద్దాయన నెల రోజులుగా అందరితో అంటున్నాడట. నర్సు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చింది, మోతాదు మించి నరంలోకి పోయింది, గుండె ఆగింది. భయంతో ఆమె చేతులు వణికాయి, లేజర్ పక్కకి పోయింది. పైగా పోయిన నెల ఒక అమ్మాయి చెంప కాల్చిందీ ఈమేనట. ఆ మాట చెప్పింది చిన్న డాక్టరు, చనిపోయినాయన తమ్ముడు. వేరే ఊళ్లో డాక్టర్ల మీటింగ్ నుంచి తొమ్మిదింటికే దిగాడు. చేతిలో పెట్టె ఇంకా కింద పెట్టలేదు.

నర్సు గోడకి ఆనుకుని నిలబడింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పారిపోయిందంటే తప్పు, ఇక్కడే ఉందంటే ఇంకా తప్పు.

“రోజూ ఎన్నింటికి వస్తావు?”

“ఏడుంబావుకి మేడమ్. మెషిన్ టెస్ట్ చేయాలి కదా, అది చేసి టిఫిన్‌కి వెళ్లొస్తాను.”

“ఈ రోజు?”

“ఎనిమిదిన్నర దాటింది. ఈ రోజు మెషిన్ వాడం, ఆలస్యంగా రా అని నిన్న సాయంత్రం పెద్ద డాక్టరుగారే చెప్పారు.”

“ఎవరైనా విన్నారా?”

“లేదు మేడమ్.” ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. “ఆ అమ్మాయి చెంప నేను కాల్చలేదు. నీ మీద పడ్డ నింద రెండు రోజుల్లో కడిగేస్తానని కూడా అన్నారు. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి ఆయనే లేరు. లైసెన్సు పోతే నాకింకో పని రాదు.”

ఎస్సై బేడీలు తీశాడు. ఇన్‌స్పెక్టర్ ఆగమంది. ఆమె భూతద్దంతో మెడ మీదకి వంగింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

ఫోరెన్సిక్ డాక్టర్ని పిలిచి కాలిన అంచు చూపించింది. బతికున్న చర్మం కాలితే చుట్టూ ఎర్రబడుతుంది, చెమ్మ ఊరుతుంది. ఇక్కడ ఎరుపు లేదు, చెమ్మ లేదు. ఎండిన అట్టముక్కలా ఉంది. లేజర్ పడేసరికే ఆయన ప్రాణం పోయిందని, చావు ఏడున్నరకీ ఎనిమిదింబావుకీ మధ్యనని ఫోరెన్సిక్ డాక్టర్ తేల్చాడు.

అంటే ఎవరో శవానికి మచ్చ తీయబోయారు. ఆ ఆలోచనకే గదిలో గాలి బరువెక్కింది.

ఎందుకు? సూది గుర్తుకి మచ్చ తీయడమనే సాకు కావాలి గనుక. రోజూ ఏడున్నరకి వచ్చి పెద్దాయన ఆ కుర్చీలోనే కాసేపు కళ్లు మూసుకుంటారని క్లినిక్‌లో అందరికీ తెలుసు.

10:05కి తలుపు దగ్గర ఒకతను కనిపించాడు. చేతిలో పనిముట్ల పెట్టె. మెషిన్ సర్వీస్ ఇంజినీరు. పెద్ద డాక్టరు నిన్న రమ్మన్నారట. సంగతి విని మెట్ల మీదే కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అతణ్ణి పక్క గదిలోకి తీసుకెళ్లి పావుగంట మాట్లాడింది. బయటికి వచ్చాక ఆమె ముఖంలో ఏమీ కనబడలేదు.

11:20కి ఆమెకు ఒక ఫోన్ వచ్చింది. విని, “సరే” అని పెట్టేసింది. పెద్దాయన గదిలో సొరుగు వెతికించింది. అందులో డాక్టర్ల లైసెన్సులు చూసే మెడికల్ కౌన్సిల్‌కి సగం రాసిన ఉత్తరం దొరికింది.

11:40కి లేజర్ గదిలోకి ఒక్కొక్కరిని పిలిచింది. బల్ల మీద తడిపిన చెక్క పుల్ల, నాలుక నొక్కి చూడటానికి వాడేది. దాని మీద పెన్సిల్‌తో ఒక చుక్క.

“ఈ చుక్క మీద లేజర్ కొట్టాలి.”

ఇంజినీరు చేతులు కట్టుకున్నాడు. రిపేర్ చేయకుండా ముట్టనన్నాడు.

నర్సు కళ్లద్దాలు పెట్టుకుంది. లేజర్ కంటికి కనబడదు. ఎక్కడ పడుతుందో చూపించడానికి మెషిన్ ఒక ఎర్ర చుక్క వేస్తుంది. ఆమె ఆ ఎర్ర చుక్కని పెన్సిల్ చుక్కకి కుడిగా, కావాలనే, కొంచెం జరిపి పెట్టింది. పెడల్ నొక్కింది. పెన్సిల్ చుక్క కాలింది.

చిన్న డాక్టరు చివర వచ్చాడు. ఇదేం ఆటని విసుక్కున్నాడు. ఎర్ర చుక్కని సరిగ్గా పెన్సిల్ చుక్క మీద పెట్టి పెడల్ నొక్కాడు.

కాలింది మూడు మిల్లీమీటర్లు ఎడమకి.

అతను పుల్ల వైపు చూశాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎడమకే. మెడ మీద ఉన్నంత దూరమే.

“ఎప్పటినుంచి ఇలా?” అన్నాడు మెల్లగా.

“నిన్న సాయంత్రం 6:10 నుంచి, ఇంజినీరు చెప్పాడు,” అంది ఇన్‌స్పెక్టర్. మిగిలినవాళ్లని కూడా లోపలికి పిలిచింది. “మా ఎస్సై, సిస్టర్ చేతులు వణికాయన్నాడు. వణికితే గీత వంకరపోతుంది. ఇది వంకరపోలేదు, మొత్తం పక్కకి జరిగింది. కొట్టినవాళ్లు ఎర్ర చుక్కని నమ్మారు. ఈ మెషిన్ నడపడం తెలిసినవాళ్లు నలుగురు. అది తప్పు చూపిస్తోందని మీ అన్నయ్యకి తెలుసు, చుక్క జరిపి కొట్టిన సిస్టర్‌కి తెలుసు, ఇంజినీరుకి తెలుసు.”

“నేను ఊళ్లో లేను.”

“హోటల్ గది నిన్న రాత్రే ఖాళీ చేశారట. ఇందాక ఫోన్ అదే.” ఆమె గొంతు పెంచలేదు. “ఆ అమ్మాయి చెంప కాల్చింది మీరు. తొందరలో పవర్ పెంచారు, నింద సిస్టర్ మీద వేశారు. బుధవారంలోగా నువ్వే కౌన్సిల్‌కి చెప్పు, లేకపోతే నేను చెబుతానని మీ అన్నయ్య అన్నారు. ఉత్తరంలో అంతా ఉంది.”

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు. ఎస్సై తల వంచుకుని బేడీలతో చిన్న డాక్టరు వైపు నడిచాడు.

చిన్న డాక్టరు మణికట్లు చాచాడు. అతనికి కోపం వచ్చింది, అదీ చనిపోయినవాడి మీద.

“మెషిన్ పాడైందని అందరికీ చెప్పాడు. నాకొక్కడికి చెప్పలేదు. సొంత తమ్ముణ్ణి.”

ఇన్‌స్పెక్టర్ పెద్దాయన ఫోన్ తీసింది. నిన్న సాయంత్రం 6:25కి వెళ్లిన మెసేజ్. ఇద్దరికి. ఇంజినీరు వెంటనే చదివాడు. రెండోది చేరింది, ఎవరూ తెరవలేదు.

“అన్నయ్య మెసేజ్‌లు ఎన్నాళ్లుగా చదవట్లేదు?”

ఆమె అతని జేబులోంచి అతని ఫోనే తీయించి, అతని చేతే తెరిపించింది.

‘తమ్ముడూ, మెషిన్ ముట్టుకోకు. ఎర్ర చుక్క తప్పు చూపిస్తోంది. ఇంకో ముఖం కాలిస్తే నువ్వు తట్టుకోలేవు. కౌన్సిల్‌కి ఇద్దరం కలిసి వెళ్దాం. నేను నీ పక్కనే కూర్చుంటాను.’